నిండని ట్యాంకు అంటే నాకు భయం

మేం ఇల్లు కొనేముందు పాత యజమాని ఇల్లంతా తిప్పి చూపించారు. పైకప్పు, మోటారు, కరెంటు బోర్డు అన్నీ ఓపిగ్గా చూపించి, చివరికి పెరట్లోకి తీసుకెళ్ళారు. అక్కడ ఒక సిమెంటు పలక మీద కాలు ఆనించి, "సెప్టిక్ ట్యాంకు గురించి మీకు టెన్షనే అక్కర్లేదండీ. కట్టించిన దగ్గర్నుంచి ఇప్పటిదాకా మూత తియ్యలేదు. ఒక్కసారి కూడా నిండలేదు" అన్నారు. ఆయన ఉన్నమాటే చెప్పారు. పక్కనున్న మా బావగారు ఇంకేం కావాలన్నట్టు నావైపు చూశారు.

ఆ తర్వాత ఇదే మాట చాలామంది నోట విన్నాను. ఇల్లు కొన్నామని చెప్పి, ట్యాంకు సంగతి ఎత్తితే చాలు, తమ ఇంటి ట్యాంకు ఎన్నేళ్ళుగా తెరవలేదో చెప్పడం మొదలుపెడతారు. ఒకరు పదిహేనేళ్ళంటారు, ఒకరు నాన్నగారు ఉన్నప్పట్నుంచీ అంటారు. చెప్పేటప్పుడు గొంతులో సంతోషం వినిపిస్తుంది. మంచి మేస్త్రీ కట్టాడు, మంచి చోట కట్టాడు అనే సంతోషం అది. వాళ్ళని తప్పుపట్టను. కానీ ఈ విషయం గురించి చదివి, తెలిసినవాళ్ళని అడిగి, మా ఇంట్లో మూత తీయించి చూశాక నాకు కుదిరిన అభిప్రాయం దీనికి పూర్తిగా ఎదురు. ఇన్నేళ్ళుగా తెరవలేదు అన్నది ట్యాంకు గురించి వినగలిగిన మాటల్లో అన్నిటికంటే ఆందోళన కలిగించేది. కొత్తగా ఇల్లు కొన్నవారు ముందు పట్టించుకోవాల్సింది దాన్నే.

ట్యాంకు ఎప్పుడూ నిండే ఉంటుంది

నిండలేదు అనుకోవడంలోనే అసలు పొరపాటు ఉంది. సెప్టిక్ ట్యాంకు వాడడం మొదలుపెట్టిన కొద్ది రోజులకే నిండుతుంది. ఆ తర్వాత ఎప్పటికీ నిండుగానే ఉంటుంది. ఒక పక్కనుంచి బకెట్టు నీళ్ళు వస్తే రెండో పక్కనుంచి బకెట్టు నీళ్ళు బయటికి పోతాయి. అది అలాగే పనిచెయ్యాలి. లోపల నీళ్ళు ఒకటి రెండు రోజులు కదలకుండా నిలవాలి. బురదనీళ్ళు బిందెలో పోసి వదిలేస్తే తేరినట్టు, బరువైనది అడుక్కి దిగి మడ్డి అవుతుంది, జిడ్డూ నురగా పైకి తేలి తెట్టు కడతాయి, మధ్యలో ఉన్న నీళ్ళు మాత్రం బయటికి దారి పడతాయి. తెట్టు అందులోకి జారకుండా బయటి గొట్టానికి కిందికి వంగిన టీ పైపు (ఇంగ్లీషు T ఆకారపు గొట్టం) పెడతారు.

ఇది తెలియకపోవడం వల్ల మా బంధువుల ఇంట్లో ఒకసారి పెద్ద గొడవే అయింది. లారీ పిలిచి ట్యాంకు ఖాళీ చేయించారు. వారం తిరక్కుండా మూత తీసి చూస్తే మళ్ళీ అంచుదాకా నీళ్ళు. లారీ అతను మోసం చేశాడని ఫోన్లో నానా మాటలూ అన్నారు. ఐదుగురున్న ఇంట్లో రోజుకి ఐదారు వందల లీటర్లు వాడితే 3000 లీటర్ల ట్యాంకు నిండడానికి ఎన్ని రోజులు కావాలి? ఆ అబ్బాయి పని సరిగ్గానే చేశాడు. ఆ మాట నేను చెబితే మా పెద్దమ్మ చాలాసేపు నమ్మలేదు.

మరి జనం నిండింది అని ఎప్పుడంటారు? ఫ్లష్ కొడితే నీళ్ళు దిగనప్పుడు, బాత్రూం మూలలో గుడగుడలాడినప్పుడు, పెరట్లో మురుగు పైకి ఊరినప్పుడు. ఆ గుర్తులు కనిపించేసరికి తప్పు జరిగి చాలాకాలమై ఉంటుంది. పైగా అది ట్యాంకులో జరిగిన తప్పు కాకపోవచ్చు. ట్యాంకు దాటి వెళ్ళిన నీళ్ళని భూమి తీసుకోవడం మానేసిందన్నమాట.

కాపాడాల్సింది మట్టిని

ఈ మొత్తం ఏర్పాటులో ట్యాంకు చేసేది సగం పనే. ట్యాంకులోంచి బయటికొచ్చే నీళ్ళు చూడడానికి కొంచెం తేటగా ఉన్నా శుభ్రమైనవి కావు. రోగాలు తెచ్చే క్రిములు వాటిలో పుష్కలంగా ఉంటాయి. మిగతా పని ఇంకుడు గుంతలోనో, చిల్లులున్న పైపులు పరిచిన ఇంకుడు కాలువల్లోనో మట్టి చేస్తుంది. మట్టి రేణువుల మధ్య గాలి ఆడుతున్నంతవరకూ అక్కడి సూక్ష్మజీవులు ఆ మురికిని తింటాయి. బాక్టీరియా, వైరస్‌లు రేణువులకి అంటుకుని అక్కడే చచ్చిపోతాయి. భూగర్భ జలానికి చేరేలోపు రెండు నుంచి నాలుగు అడుగుల మేర గాలి ఆడే మట్టి ఉంటే చాలా మేలు జరుగుతుంది. మలమూత్రాల్లోని నైట్రోజన్ నుంచి తయారయ్యే నైట్రేటు మాత్రం మట్టికి అంతగా లొంగదు, నీటితోపాటు దిగిపోతుంది. క్రిములూ నైట్రేటూ చేరకూడదనే తాగునీటి బావికీ ఇంకుడు ప్రాంతానికీ మధ్య 15 మీటర్లో 30 మీటర్లో దూరం ఉండాలని చాలా దేశాల నిబంధనలు పట్టుబడతాయి. బావినీళ్ళు తాగే ఇళ్ళలో, ముఖ్యంగా పసిపిల్లలున్న ఇళ్ళలో, ఆ నీళ్ళని పరీక్ష చేయించడం కూడా ట్యాంకు సంరక్షణలో భాగమేనని నా నమ్మకం. తాగునీటిలో నైట్రేటు లీటరుకి 50 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది.

ట్యాంకు అడుగున మడ్డి పెరిగే కొద్దీ మధ్యలో నీళ్ళు నిలిచే జాగా తగ్గిపోతుంది. రెండు రోజులు నిలవాల్సిన నీళ్ళు కొన్ని గంటల్లోనే బయటపడతాయి. తేరడానికి సమయం ఉండదు కాబట్టి మడ్డీ జిడ్డూ వాటితో కొట్టుకుపోతాయి. ఇంటివాళ్ళకి ఇదేమీ తెలియదు. ఫ్లష్ బాగానే దిగుతుంది, వాసన రాదు, అంతా సవ్యంగా ఉన్నట్టే ఉంటుంది. కానీ ఇంకుడు గుంత గోడల మీద, మట్టి తాకే చోటల్లా, నల్లటి జిగురు పొర మందమవుతూ ఉంటుంది. ఆ పొర పల్చగా ఉంటే మంచిదే, నీళ్ళని నెమ్మదిగా వడకడుతుంది. మడ్డి వచ్చి చేరుతూ ఉంటే అదే ఒక గోడ అయిపోతుంది.

ట్యాంకులో మడ్డిని ఒక పూటలో లారీ పట్టుకుపోతుంది. మట్టిలో చేరినదాన్ని ఏ లారీ తియ్యలేదు. కొన్ని నెలలపాటు అసలు నీళ్ళు పంపకుండా ఆ చోటుకి విశ్రాంతినిస్తే కొంత తేరుకుంటుంది. రెండు ఇంకుడు గుంతలు ఉండి మార్చి మార్చి వాడుకునే వీలున్నవాళ్ళకి ఆ అవకాశం ఉంది. మిగతావాళ్ళు అన్ని నెలలు నీళ్ళు వాడకుండా ఉండగలరా? ఇంకో చోట కొత్త గుంత తవ్వాల్సిందే. ఇంటి చుట్టూ ఖాళీ జాగా లేకపోతే అదీ కుదరదు. మూత తెరవని ఇరవై ఏళ్ళలో ఏం మిగిలింది అని ఎవరైనా అడిగితే నేను చూపించేది ఈ మట్టినే.

అంతా కరిగిపోతుందన్న నమ్మకం

ఈ నమ్మకం మనతో మొదలవలేదు. సెప్టిక్ ట్యాంకు పుట్టుకలోనే ఉంది. 1860 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని వెసూల్ పట్టణంలో జాన్ లూయీ మూరా అనే ఆయన ఇంటి మురుగు కోసం గాలి చొరని తొట్టె కట్టాడు. చాలా ఏళ్ళ తర్వాత తెరిపించి చూస్తే, మలంతో కిక్కిరిసి ఉంటుందనుకున్నది దాదాపు నీళ్ళతోనే ఉంది. ఆయన ఆశ్చర్యం ఊహించుకోవచ్చు. 1881లో దానికి పేటెంటు తీసుకున్నాడు. ఇక మలమంతా తనంతట తానే ద్రవమైపోతుందని అప్పట్లో గట్టిగా ప్రచారం జరిగింది. 1895లో ఇంగ్లండులోని ఎక్సెటర్ నగరంలో డొనాల్డ్ కామెరాన్ ఇదే పద్ధతిని ఊరి మురుగుకి వాడినప్పుడు కూడా ఆ ఆశ ఉండింది. తర్వాత అనుభవం మీద తేలిందేమిటంటే, గాలి లేని చోట బాక్టీరియా మడ్డిని కరిగించే మాట నిజమే కానీ, కరిగేది కొంతే. ఇసుక, మట్టి, పీచు, అరగని పదార్థాలు, చచ్చిన సూక్ష్మజీవుల శరీరాలు, ఇవన్నీ అడుగున పేరుకుంటూనే ఉంటాయి.

నూరేళ్ళకి పైగా ఇంజనీర్లకి తెలిసిన ఈ సంగతి ఇళ్ళలోకి ఎందుకు రాలేదో నాకు అర్థం కాదు. ట్యాంకు కట్టించేటప్పుడు సైజు గురించి, చోటు గురించి గంటలు గంటలు మాట్లాడతారు. మళ్ళీ ఎప్పుడు తెరవాలి అన్న ప్రశ్న ఎవరూ వెయ్యరు. బహుశా ఆ విషయం మాట్లాడడమే చాలామందికి ఇబ్బంది. పెరట్లో మూత మీద పూలకుండీ పెట్టేసి మర్చిపోవాలనిపిస్తుంది.

మరి ఇరవై ఏళ్ళు నడిచినవాటి సంగతి

ఇక్కడ ఎదుటివాళ్ళ వాదన కూడా వినాలి, ఎందుకంటే అందులో బలం ఉంది. నిజంగానే ఎన్నో ఏళ్ళు ముట్టుకోకుండా నడిచిన ట్యాంకులు ఉన్నాయి. మా పెద్దనాన్నగారు ఇదే అన్నారు: "బాగా నడుస్తున్నదాన్ని కెలకడం దేనికిరా? పాడైనప్పుడు చూసుకోవచ్చు కదా."

అలా నడవడానికి నాకు తెలిసినంతలో కారణాలు కొన్ని ఉన్నాయి. ట్యాంకు పెద్దది, ఇంట్లో ఉన్నది ఇద్దరే అయితే మడ్డి చేరడానికి నిజంగానే చాలా ఏళ్ళు పడుతుంది. వాళ్ళ విషయంలో ఆ గర్వం సబబే. రెండో కారణం, ట్యాంకు అడుగున కాంక్రీటు వెయ్యకుండా వదిలేయడం, లేదా గోడలు పగిలి కారిపోవడం. అలాంటిది ఎప్పటికీ నిండదు. లోపలున్నది తేరకుండానే నేరుగా నేలలోకి దిగిపోతూ ఉంటుంది, పక్కనే బోరు ఉంటే అటు వెళ్తుంది. మూడోది ఇందాక చెప్పినది, మడ్డి అంతా నెమ్మదిగా ఇంకుడు గుంతకి తరలిపోవడం. ఈ మూడూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. మూతమీద నిలబడి చూస్తే ఏది ఏదో చెప్పలేం. నేను తెరిచి చూడాలని పట్టుబట్టేది అందుకే. అన్ని ట్యాంకులూ పాడయ్యాయని నేననడం లేదు. బాగున్నది ఏదో, లోలోపల చెడుతున్నది ఏదో తెరవకుండా తెలియదంటున్నాను.

రెండో వైపు అతి కూడా ఉంది. ప్రతి ఏడాదీ లారీ పిలిపించేవాళ్ళని చూశాను. మడ్డి పెద్దగా లేని ట్యాంకుని ఖాళీ చేయిస్తే పోయేది ఎక్కువగా నీళ్ళే. డబ్బు దండగ, ఆ మురుగు ఎక్కడో పారబోయాల్సిన భారం అదనం. ఇంకో ప్రమాదం కూడా ఉంది. బాగా వానలు పడి నేల నీటితో ఊరిపోయి ఉన్నప్పుడు ట్యాంకు ఖాళీ చేస్తే, చుట్టూ ఉన్న నీళ్ళ ఒత్తిడికి ఖాళీ ట్యాంకు పైకి లేచిపోవచ్చు, పైపుల అతుకులు ఊడిపోవచ్చు. ముఖ్యంగా తేలికైన ప్లాస్టిక్, ఫైబర్ ట్యాంకులకి ఈ భయం ఉంది. వానాకాలంలో నీళ్ళు దిగకపోతే చాలామంది ముందు చేసేది లారీకి ఫోను. ఆ సమయంలో నీళ్ళ వాడకం తగ్గించి నేల ఆరేదాకా ఆగడమే మేలు.

క్యాలెండరు కన్నా కర్ర నయం

అమెరికాలో ఐదింట ఒక ఇంటికి పైగా సెప్టిక్ ట్యాంకు మీదే ఆధారపడుతుంది. అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ మామూలు ఇళ్ళకి ఇచ్చే సలహా ఇది: కనీసం 3 ఏళ్ళకొకసారి తనిఖీ, 3 నుంచి 5 ఏళ్ళకొకసారి ఖాళీ చేయించడం. పంపులు, నీటి మట్టాన్ని బట్టి పనిచేసే ఫ్లోట్ స్విచ్‌లు ఉన్న ఏర్పాటైతే ఏటా చూపించాలంటుంది.

ఆ 3, 5 అనే అంకెలు ఎక్కడివో అర్థమైతే మన ఇంటి లెక్క మనమే వేసుకోవచ్చు. మనిషికి ఏడాదికి సుమారు 40 లీటర్ల మడ్డి చేరుతుందని లెక్క కట్టడం మామూలు. మడ్డి ట్యాంకులో మూడోవంతుకి రాగానే తీయించాలన్నది ఒక పద్ధతి. మన 3000 లీటర్ల ట్యాంకు, ఐదుగురు మనుషులు ఉన్న ఇల్లే తీసుకుందాం. ఏడాదికి 200 లీటర్లు. మూడోవంతు అంటే 1000 లీటర్లు. ఐదేళ్ళకి చేరుతుంది. అదే ఇంట్లో పదిమంది ఉంటే రెండున్నరేళ్ళకే. ఇద్దరే ఉంటే పన్నెండేళ్ళు పైనే. ఇది అంచనా మాత్రమే. వాతావరణం, అలవాట్లు, ట్యాంకు కట్టిన తీరు, అన్నీ దాన్ని మార్చేస్తాయి. కానీ ఇరవై ఏళ్ళు అన్న మాటని ఈ లెక్క పక్కన పెట్టి చూస్తే ఎక్కడ నిలదీయాలో తెలుస్తుంది.

అంచనా కన్నా కొలత నమ్మదగినది. పొడవాటి కర్ర చివర నాలుగైదు అడుగుల మేర గరుకు తెల్లగుడ్డ చుట్టి, బయటి గొట్టం దగ్గరున్న మూతలోంచి నిదానంగా అడుగుదాకా దించి, కాసేపాగి పైకి తీస్తే, మడ్డి ఉన్నంతవరకూ గుడ్డకి నల్లగా అంటుకుంటుంది. ఆ నలుపు పైఅంచుకీ బయటికి వెళ్ళే టీ పైపు అడుగు అంచుకీ మధ్య 12 అంగుళాలు కూడా లేకపోతే, లేదా తెట్టు అడుగుభాగం ఆ అంచుకి 6 అంగుళాల దగ్గరికి వచ్చేస్తే, ఖాళీ చేయించే సమయం వచ్చినట్టే. మా ఇంట్లో కొలిచిన తేదీ, మడ్డి ఎత్తు, తెట్టు మందం ఒక కాగితం మీద రాసి కరెంటు బోర్డు తలుపు లోపల అంటించాను. తర్వాతి కొలతతో పోల్చితే ఏడాదికి ఎంత పెరుగుతోందో మన ఇంటి లెక్కే మనకి దొరుకుతుంది. పుస్తకంలో ఉన్న 40 లీటర్లతో ఇక పనిలేదు.

ఇదంతా మనమే చెయ్యాలా, మనిషిని పెట్టుకుంటే సరిపోదా అని అడిగినవాళ్ళున్నారు. మనిషిని పెట్టుకోవడమే మంచిది, తర్వాతి భాగం చదివితే ఎందుకో తెలుస్తుంది. కానీ కొలిచేటప్పుడు పక్కన ఉండండి. ఎంత ఉందో అడగండి. రాసుకోండి.

మూత దగ్గర

ఈ విషయంలో మాత్రం నాకు సందేహాలేమీ లేవు. ట్యాంకులోకి ఎవరూ దిగకూడదు. ఎప్పుడూ, ఏ కారణానికీ, ఖాళీ చేశాక కూడా.

లోపల హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు ఉంటుంది. కొంచెం ఉన్నప్పుడు కుళ్ళిన గుడ్డు వాసన కొడుతుంది. గాలిలో పది లక్షల భాగాలకి 100 భాగాల దగ్గరికి వచ్చేసరికి ముక్కు ఆ వాసన పట్టడం మానేస్తుంది. వాసన తగ్గింది, గాలి పోయింది అనుకుని అడుగు ముందుకు వేసేది అప్పుడే. 700 నుంచి 1000 భాగాల దగ్గర ఒకటి రెండు ఊపిరులకే మనిషి కూలిపోతాడు. ఇది గాలికంటే బరువు, అడుగునే నిలుస్తుంది. దీనికి తోడు మీథేన్ ఉంటుంది, అది గాలిలో 5 నుంచి 15 శాతం కలిస్తే పేలడానికి నిప్పురవ్వ చాలు. ప్రాణవాయువు ఎలాగూ చాలదు. మడ్డిని కదిలించినప్పుడు అందులో చిక్కుకున్న గాలులు ఒక్కసారిగా బయటపడతాయి. ఒకరు పడిపోతే తీయడానికి రెండోవారు దిగడం, ఆయన కోసం మూడోవారు దిగడం, అందరూ పోవడం, ఈ వార్త ఎన్నిసార్లు చదివినా మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంది.

అందుకని ఇంటివాళ్ళుగా మన బాధ్యత స్పష్టంగా ఉంది. దిగి చేస్తానని ఎవరైనా ముందుకొచ్చినా వద్దనాలి. అతను రోజూ చేసే పనే అన్నా వద్దనాలి. తక్కువలో అవుతుందని పక్కవాళ్ళు చెప్పినా వద్దనాలి. గొట్టంతో పీల్చే యంత్రం రాలేని చోటైతే పొడవైన గొట్టం ఉన్న యంత్రం దొరికేదాకా ఆగాలి. మన పెరట్లో మనం చేయించే పని వల్ల ఒక మనిషి ప్రాణానికి ముప్పు రావడం ఏ లెక్కలోనూ ఒప్పుకోదగినది కాదు. కర్రతో కొలవాలన్నా మూత మీదికి వంగి చూడకూడదు, తల లోపల పెట్టకూడదు, దగ్గర్లో సిగరెట్టు గానీ అగ్గిపుల్ల గానీ వెలగకూడదు, ఒంటరిగా చెయ్యకూడదు, పిల్లలు ఆ చుట్టుపక్కల ఉండకూడదు. మూత పగిలి ఉంటే ఇవాళే మార్చండి. పిల్లలు ఆడుకుంటూ ఎక్కే చోట తుప్పుపట్టిన రేకు కప్పి వదిలేసిన ట్యాంకులు నేను చూశాను.

మా ఇంట్లో పెరడు బాగుచేయించేటప్పుడు మేస్త్రీ ఆ సిమెంటు పలక మీదుగా టైల్స్ పరిచేద్దామన్నాడు. చూడ్డానికి బాగుంటుంది, మాటిమాటికీ తీసేది కాదు కదా అన్నాడు. ఒప్పుకోలేదు. మూత నేల మీద కనిపించేలా, పనివాళ్ళు సామానుతో తేలిగ్గా తియ్యగలిగేలా, పిల్లల చేతికి మాత్రం కదలకుండా ఉండాలని చెప్పాను. అతనికి నా పట్టుదల వింతగా అనిపించిందేమో గానీ, చెప్పినట్టే చేశాడు. టైల్స్ కింద దాగిన ట్యాంకుని ఎవరూ తెరవరు. పగలగొట్టాల్సి వస్తుందన్న భయంతోనే ఏళ్ళు వాయిదా వేస్తారు.

పొడులు, నీళ్ళు, కమోడ్‌లో వేసేవి

ట్యాంకులో కలపమని అమ్మే పొడుల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. మాకు తెలిసిన ప్లంబరు నెలకో ప్యాకెట్టు వేస్తే లారీ అవసరమే ఉండదన్నాడు. ట్యాంకుకి కావాల్సిన బాక్టీరియా మన మలంలోనే, వేలకోట్లలో, రోజూ చేరుతోంది. కొత్త ట్యాంకుకి కూడా బయటినుంచి ఏదీ తెచ్చి వెయ్యక్కర్లేదు. కొన్ని రసాయనాలు మడ్డిని నిజంగానే వదులు చేస్తాయి, అప్పుడది తేలి ఇంకుడు గుంతకి పోతుంది, మనం భయపడేది సరిగ్గా దానికే. బాత్రూం కడగడానికి మామూలుగా వాడే బ్లీచింగు, ఫినాయిల్ కొద్దిగా పోతే ట్యాంకు తట్టుకుంటుంది. డబ్బాలకి డబ్బాలు గుమ్మరించకూడదు. రంగులు, టర్పెంటైన్, మిగిలిపోయిన మందులు అసలే వద్దు.

కమోడ్‌లో వెయ్యకూడనివాటి జాబితా అందరికీ తెలిసిందే కాబట్టి వదిలేస్తున్నాను. ఒక్క తడి వైప్స్ గురించి చెప్పాలి. ప్యాకెట్టు మీద ఫ్లష్ చెయ్యొచ్చని రాసి ఉన్నా అవి కాగితంలా విడిపోవు. మా ట్యాంకు మూత తీసినప్పుడు టీ పైపుకి చుట్టుకుని ఉన్నవి అవే.

నీళ్ళ సంగతి మాత్రం ఎవరూ చెప్పగా నేను వినలేదు. ట్యాంకు ఆరోగ్యానికి మడ్డి ఎంత ముప్పో, ఒక్కసారిగా వచ్చి పడే నీళ్ళు కూడా అంతే ముప్పు. వారం బట్టలన్నీ ఒకే రోజు వాషింగ్ మెషీన్‌లో వేస్తే, అదే రోజు చుట్టాలు దిగితే, ట్యాంకులో తేరుతున్నదంతా కలియబెట్టుకుపోయి బయటపడుతుంది. బట్టలు రెండు మూడు రోజులకి విడగొట్టుకుంటే అంతవరకూ సర్దుకుంటుంది. కారిపోయే ఫ్లష్ ట్యాంకు ఇంకా చెడ్డది, రాత్రీపగలూ ఆగదు. బాగా కారేదైతే రోజుకి 750 లీటర్లదాకా పోవచ్చు, అంటే ఇంకో కుటుంబం మన ఇంట్లో రహస్యంగా కాపురం ఉన్నట్టే. పట్టుకోవడం తేలిక. ఫ్లష్ ట్యాంకులో నాలుగు చుక్కల రంగు వేసి, పావుగంట ఫ్లష్ చెయ్యకుండా ఆగాలి. కమోడ్‌లోకి రంగు దిగితే కారుతున్నట్టే. వాననీళ్ళ గొట్టాలు ట్యాంకులోకి గానీ ఇంకుడు ప్రాంతం మీదికి గానీ పడకూడదు. ఆ జాగా మీద కారు ఆపకూడదు, చక్రాల బరువుకి మట్టి గట్టిపడి గాలి ఆడదు. పెద్ద చెట్లు నాటితే వేళ్ళు పైపుల్లోకి దూరతాయి, గడ్డి చాలు. ఆ గడ్డి ఒక్కచోట మాత్రం మిగతా పెరడుకన్నా ఏపుగా, తడిగా కనిపిస్తే సంతోషించకండి, కింద మురుగు పైకి ఊరుతూ ఉండొచ్చు.

లారీ వచ్చిన రోజు

ఖాళీ చేయించే రోజు ఇంట్లో ఉండడం చాలా అవసరం. మా ఇంటికి వచ్చినవాళ్ళు మూత తియ్యకుండా పక్కనున్న చిన్న పైపులోంచే గొట్టం దించి పని కానిచ్చేద్దామన్నారు. అలా చేస్తే పైపైన ఉన్న నీళ్ళు పోతాయి, మడ్డి మూలల్లో అలాగే ఉండిపోతుంది. పెద్ద మూతలు రెండూ తియ్యాలని, అడ్డుగోడకి ఇరువైపులా ఉన్న గదులు రెండూ ఖాళీ చెయ్యాలని అడిగాను. విసుక్కోకుండా చేశారు. గట్టిపడిన మడ్డి రాకపోతే కొన్ని నీళ్ళు వెనక్కి కొట్టించి కదిలించి పీల్చారు. అడుగు పూర్తిగా కడిగించాల్సిన పనిలేదు.

ఆ సమయంలో ఒకటి గమనించాలి. లోపల మట్టం బయటి గొట్టం కంటే కిందికి దిగాక, ఆ గొట్టంలోంచి నీళ్ళు వెనక్కి ధారగా ట్యాంకులోకి వస్తున్నాయా? వస్తుంటే ఇంకుడు గుంత నీళ్ళతో నిండిపోయి, మట్టి పీల్చుకోవడం లేదన్నమాట. మా ఇంట్లో ధారగా కాకపోయినా కాసేపు వచ్చింది. లారీ అతను చూసి, "ఇప్పటికైనా తీయించారు" అన్నాడు. మట్టి పూర్తిగా చేతులెత్తెయ్యలేదు. అప్పట్నుంచీ నీళ్ళ వాడకాన్ని సర్దుకుంటూ ఆ గుంత మీద ఒక కన్నేసి ఉంచాం. అది ఇంకెన్నాళ్ళు పనిచేస్తుందో హామీ ఇవ్వగలిగినవాళ్ళు ఎవరూ లేరు.

చివరిగా ఒక మాట. లారీ పిలిచే ముందే, దాన్ని ఎక్కడ ఖాళీ చేస్తారు అని అడిగాను. ఇంతకుముందు నేను మాట్లాడిన ఒకతను, "అదంతా మీకెందుకు, మేం చూసుకుంటాం" అన్నాడు. అతన్ని పిలవలేదు. చెరువులోనో, కాలువలోనో, ఖాళీ స్థలంలోనో పారబోస్తే, మన పెరట్లో అన్నేళ్ళు మట్టిని కాపాడుకుని ఏం లాభం? ఎవరో తాగే నీళ్ళలోకి ఒక్క పూటలో దాన్ని చేర్చినట్టవుతుంది. శుద్ధి కేంద్రానికి తీసుకెళ్ళేవాళ్ళు దొరకడానికి నాకు కొంచెం వెతుకులాట పట్టింది, కొంచెం ఎక్కువ డబ్బూ అయింది. అక్కడ అప్పగించినట్టు రసీదు ఇస్తారా అని ముందే అడిగాను, ఇచ్చారు. ఆ రసీదు, మడ్డి కొలతలు రాసిన కాగితానికి నకలు ఇప్పుడు ఇంటి పత్రాల ఫైల్లో ఉన్నాయి. ఈ ఇల్లు మా తర్వాత ఎవరి చేతికి వెళ్ళినా ఆ రెండు కాగితాలూ వాళ్ళకి అందుతాయి.